గూర్ఖా ఊరికి తొవ్వ

కేసముద్రం మార్కెట్‌ల కనకమ్మది చాటకూలి. రైతులు తెచ్చి పోసిన పల్లికాయనో కందులనో చాటతో చెరిగి, మట్టిబెడ్డలు ఏరి కుప్ప చేస్తే, దడువాయి వచ్చి కాంటా పెట్టేటోడు. పొద్దంతా దుమ్ములనే కూసునుడు. నర్మెట్టల కట్టుకున్న మొగడు రెండో ఆమెను తెచ్చుకున్నంక, ఆ ఇంట్ల పనిమనిషి లెక్క ఉండలేక తల్లి కాడికి తిరిగొచ్చింది. కొన్నాళ్లకు తల్లి పోయింది. అన్న కొండల్ ఉన్నడు గని, ఆ ఇంట్ల ఆమెకు జాగ లేకపోయింది. మార్కెట్ వెనుక మరియం బీ ఇంటి పక్కన ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉండేది.

అమర్‌సింగ్ ఊళ్లెకు వచ్చింది అరవై తొమ్మిదిల. తెలంగాణ కావాలని పిలగాండ్లు రైళ్లు ఆపుతున్న రోజులు. మార్కెట్ బందు. గోదాముల సరుకు నిండి ఉన్నది, కాపలాకు మనిషి లేడు. లక్ష్మీనర్సయ్య సేటు ఎక్కడి నుంచో ఈయనను తెచ్చి పెట్టిండు. పొట్టి మనిషి, గట్టి పెయ్యి, చిన్న కండ్లు, పాత ఖాకీ కోటు. ఊరంతా గూర్ఖా అన్నది. పేరు అడిగినోళ్లు లేరు.

ఒకనాడు పొద్దుగాల, ఊరేగింపుల నుంచి విడిపోయి కొందరు పిలగాండ్లు గోదాం ముందట నిలబడ్డరు.

“నువ్వు ముల్కీవా, గైర్ ముల్కీవా? ఇక్కడోనివా, బయటోనివా?” అని మీది మీదికి పోయిండ్రు.

అమర్‌సింగ్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. గోడకు ఆనుకొని చూస్తున్నడు. పని దొరుకుతదేమో అని వచ్చిన కనకమ్మ చాట చంకల పెట్టుకొని మధ్యలకు పోయింది.

“గాయన మీ నౌకరీ ఏది గుంజుకున్నడురా? చలిల సీటీ ఊదుకుంట తిరిగే నౌకరీ మీకు గావాల్నా? గావాలంటే చెప్పుండ్రి, సేటుతోని నేనే మాట్లాడుత.”

ఒకడు నవ్విండు. వాడు నవ్వితే మిగతా వాళ్లు నవ్విండ్రు. నవ్వుకుంటనే పోయిండ్రు. అప్పటి నుంచి ఆమె గోదాం ముందట కెళ్లి పోతుంటే అమర్‌సింగ్ నొసటికి చెయ్యి ఆనించేటోడు.

తర్వాత కొన్నేండ్లకు కనకమ్మకు విషజ్వరం పట్టుకున్నది. నోట్లెకు నీళ్లు కూడ పోతలేవు. మరియం బీ పరేషాన్ అయి కొండల్‌కు కబురు పెడితే రాలేదు. అమర్‌సింగ్ వచ్చిండు. గోనెసంచులు కుట్టి వెడల్పు పట్టె చేసి, అది నొసటికి తగిలించుకొని, ఆమెను వీపు మీద కూసుండబెట్టుకొని స్టేషన్ దాంక మోసిండు. వాళ్ల కొండల మీద రోగులను అట్లనే మోస్తరట. బజారు బజారంతా నవ్వింది. మానుకోట దవాఖానల ఆమె లేచి కూసునేదాంక అక్కడనే ఉన్నడు. తిరిగొచ్చినంక ఆయన మూట కూడ ఆమె అర్రలకే వచ్చింది.

పెండ్లి లేదు, పుస్తె లేదు. ఊరు ఆమెకు కొత్త పేరు పెట్టింది: గూర్ఖాదాని. కొండల్ మాట్లాడుడు బందు పెట్టిండు. సేటు మాత్రం, “కాపలా కాడ నిద్రపోకుంటె చాలు, మిగతాది నాకెందుకు” అన్నడు.

బతుకు చెడ్డగ ఏం లేదు. ఆయన తెలుగు నేర్చిండు, కేసముద్రం తెలుగే. జొన్నరొట్టె తినుడు, అంబలి తాగుడు నేర్చిండు. ఒక్కోసారి చాయల ఉప్పు వేసుకొని తాగి, “మా ఊరి చాయ” అనేటోడు. నేపాల దేశంల త్రిశూలి అనే బజారు ఉన్నదట. అక్కడి నుంచి కొండల మీద నడిచి పోవాల్నట. రాతి ఇండ్లట, పైన తెల్లటి కొండట. “ఒకసారి నిన్ను తోలుకపోత” అనేటోడు. రెండు మూడేండ్లకు ఒకసారి ఒక్కడే పోయి వచ్చేటోడు. తోలుకపోయింది లేదు.

డెబ్బై తొమ్మిది దసరాకు పోయిండు. సంక్రాంతి పోయింది, ఎండలు పోయినయి, వానలు పడ్డయి. మనిషి రాలేదు. మార్కెట్‌ల తోటి ఆడోళ్లు మొదట జాలి పడ్డరు, తర్వాత నవ్విండ్రు.

“పరదేశోన్ని నమ్ముకుంటె గంతే” అన్నరు.

కనకమ్మ చాట ఇంకింత జోరుగ ఊపింది.

జనగామల ఒక రైసుమిల్లు కాడ దావా అని ఇంకో కాపలాదారు ఉండేటోడు. అమర్‌సింగ్ ఊరికి పక్క ఊరోడు. మరుసటి దసరాకు వాడు ఇంటికి పోతున్నడని తెలిసి కనకమ్మ జనగామ పోయింది.

“తమ్మీ, నేనూ వస్త.”

“వద్దక్కా. కొండ ఎక్కలేవు. చలి చంపుతది.”

“పుట్టినకాడి నుంచి బరువులు మోస్తున్న. నడవలేనా?”

దావా తల వంచుకున్నడు. ఆమె అర్ర తాళంచెవి మరియం బీ చేతుల పెట్టింది. తల్లి కప్పుకున్న గొంగడి, అమర్‌సింగ్ వదిలిపోయిన ఖాకీ కోటు మూట కట్టుకున్నది.

కాజీపేటల రైలెక్కి, రైళ్లు మారుకుంట సరిహద్దు దాటి, బస్సుల మీద బస్సులెక్కి త్రిశూలి చేరిండ్రు. అక్కడి నుంచి నడక. మొదటి ఎక్కుడుకే కనకమ్మ పిక్కలు బిగుసుకపోయినయి. చదును నేల మీద నడిచిన కాళ్లాయె. నాలుగు అడుగులేసి నిలబడి ఊపిరి తీసుకునేది. కింద నది గిరగిర తిరుగుకుంట ఉరుకుతున్నది. కొండ వాలుకు మెట్లు మెట్లుగ పొలాలు. వాటి నడుమ రాతి ఇండ్ల ఊర్లు, ఒకదాని పైన ఒకటి.

ఊర్ల మొగదాల అక్షరాలు చెక్కిన రాతి గోడలు వచ్చేటియి. “కుడిచేతి దిక్కు ఉంచుకొని పో అక్కా” అని దావా చెప్పిండు. అట్లనే పోయింది. ఏ ఇంటి ముందట ఆగినా లోపలికి పిలిచిండ్రు. పొయ్యి చుట్టూ కూసుండబెట్టి వేడి వేడిగ సంకటి పెట్టిండ్రు. నోట్లె పెట్టుకొని చూస్తే తైదల గటక. ఇంత దూరం వచ్చి అమ్మ చేతి గటక తిన్నట్టయింది ఆమెకు. ఆడోళ్ల ముక్కులకు, చెవులకు పెద్ద పెద్ద బంగారు బిళ్లలు. కేసముద్రం దిక్కు లంబాడోళ్ల తీరుగ ఒంటి నిండ సొమ్ములు. వాళ్లు ఆమె గాజులు ముట్టి చూసిండ్రు, చీర కొంగు గుంజి చూసి నవ్విండ్రు. ‘మదేసీ’ అనుకున్నరు. ఏందని అడిగితే, “కింది దేశపుదానివి అంటున్నరు” అని దావా చెప్పిండు.

ఒక మలుపు కాడ తెల్లోళ్ల గుంపు కనిపించింది. రంగు రంగుల సంచులు, మెడల కెమెరాలు. వాళ్ల వెనుక కూలోళ్లు, నొసటి పట్టెలతో. ఒకని వీపు మీద మడత కుర్చీలు, ఒకని మీద టేబుల్, ఇంకొకని మీద గుడ్ల బుట్ట. కూలోళ్ల కాళ్లకు చెప్పులు కూడ లేవు.

“వీళ్లెక్కడికి?”

“మా ఊర్లు చూస్తానికి అక్కా. మా ఇండ్లు, మా ఆటపాట చూసి పోతరు.”

“చూస్తానికి ఏమున్నది? వాళ్ల దేశంల ఇండ్లు లేవా?”

దావా నవ్వలేదు. కూలోళ్లు బరువు దించుకునే రాతి తిన్నె మీద కూలబడ్డడు.

“అక్కా, నీకొకటి చెప్పాలె. అమర్‌సింగ్‌కు ఊళ్లె ఆడది ఉన్నది. కేసముద్రం రాక ముందట నుంచే.”

కనకమ్మ మూట దించింది.

“నీకు ఎప్పటి నుంచి ఎరుక?”

“మొదటి నుంచే.”

“జనగామల చెప్తే నోరు పడిపోతుండెనా?”

“నేను చెప్తే నువ్వు నమ్ముతుంటివా?”

ఆమె మూట మళ్ల నెత్తికెత్తుకున్నది. “నడువు. ఇంత దూరం వచ్చి తిరిగి పోవుడేంది. మొఖం మీదనే అడుగుత.”

అమర్‌సింగ్ ఊళ్లె అమర్‌సింగ్ అంటే ఎవరికీ తెలవదు. దావా వాళ్ల భాషల ఏందో చెప్తే, “ఫుర్బానా?” అన్నరు. కనకమ్మ దావాను చూసింది.

“అసలు పేరు గదే అక్కా. అమర్‌సింగ్ అని సేటుకు చెప్పుకున్నడు, నోరు తిరుగుతదని. మేం గూర్ఖోళ్లం కూడ కాదు, తమాంగు జాతోళ్లం. మీ దిక్కు అడిగెటోళ్లు ఎవలున్నరు?”

ఆ ఇంటి ముందట ఒకామె నడుముకు మగ్గం కట్టుకొని నేస్తున్నది. పేరు బుద్ధిమాయ. కనకమ్మ కన్న పెద్దది. దావా మాట్లాడుతుంటే చేయి ఆపింది, మగ్గం మాత్రం విప్పలేదు. కనకమ్మను కాళ్ల నుంచి తల దాంక చూసి ఏదో అన్నది. దావా చెప్తానికి జంకిండు.

“ఏమన్నదో చెప్పు. ఇంకేం దాస్తవు?”

“కేసముద్రంల ఒక ముసలవ్వ వండి పెడ్తదని ఆయన చెప్పేటోడట. నువ్వు ముసలిదానివి కావు కదా అంటున్నది.”

కనకమ్మకు తిట్టబుద్ధి అయింది. ఎవరిని తిట్టాల్నో తెలవలేదు. “ఏడి? పిలువుమను” అన్నది.

బుద్ధిమాయ అప్పుడు మగ్గం విప్పి లేచింది. ఆయన పాణం పోయి ఏడాదైందన్నది.

కేసముద్రం తిరుగు ప్రయాణానికి చేతుల ఏం లేక తెల్లోళ్ల గుంపుకు కూలి పోయిండట. కనుమ ఎక్కుతుంటే జ్వరం పట్టుకున్నది. గుంపు ఆగలేదు. ఆయన బరువు ఇంకొకని నొసటికి తగిలించి, గొడ్లకాపరి గుడిసెల ఆయనను పండబెట్టి ముందటికి పోయిండ్రు. తిరిగొచ్చేటప్పుడు చూస్తే పాణం లేదు. అక్కడనే కాల్చిండ్రు.

“నీ కాడికి వస్తానికే మోసిండు” అన్నది బుద్ధిమాయ. దావా ఆ మాట మెల్లగ చెప్పిండు గని, ఆమె మెల్లగ అనలేదు.

పంట చేతికి వచ్చేదాంక ఆగి, చచ్చినాయన దినం వీళ్లు వచ్చిన నాడే చేస్తున్నరు. వెదురుతో మనిషి బొమ్మ కట్టి, పోయినాయన బట్టలు తొడిగి, లామా ముందట పెట్టి సాగనంపుతరు. బట్టలే లేవు. ఒంటి మీదియి ఒంటితోనే కాలినయి. దావా మూట దిక్కు చూసిండు. బుద్ధిమాయ కూడ చూసింది. కోటు కావాల్నని అడిగింది.

“నా దగ్గర ఉన్నది గదొక్కటే” అన్నది కనకమ్మ. ఇయ్యలేదు. మూట ఒళ్లె పెట్టుకొని గోడ పక్కన కూసున్నది. వెదురుబొమ్మ బరిబాత నిలబడి ఉన్నది. ఊరోళ్లు దాన్ని చూసి, ఆమెను చూసి గొణుక్కున్నరు. చాలాసేపటికి తనే లేచి పోయి కోటు తొడిగి, గుండీలు పెట్టింది. ఆమె ఏడ్చింది అప్పుడే.

ఆ పగటిపూటనే తొవ్వల కనిపించిన తెల్లోళ్ల గుంపు ఊళ్లెకు దిగింది. వాళ్లను తోలుకొచ్చిన టోపీ ఆయన ఊరి పెద్దలతో మాట్లాడిండు. దినం నాడు ఆడే ఆట చీకటి పడ్డంక ఆడాలె గని, అప్పుడు ఫొటోలు మంచిగ రావట. ఇప్పుడే ఆడాల్నట. పెద్దలు జర సేపు గులిగి ఒప్పుకున్నరు. లామా చదువుడు సగంల ఆపిండు. గుండ్రటి డప్పులు కొట్టుకుంట ఆడిండ్రు. ఆడుతున్నోళ్లల్ల కొందరు ఫుర్బాతో కలిసి బరువు మోసినోళ్లే.

బొమ్మ పక్కన పెండ్లాం నిలబడాల్నని టోపీ ఆయన చెప్తే బుద్ధిమాయ వచ్చి నిలబడ్డది. కనకమ్మ అప్పటికే బొమ్మ చెయ్యి పట్టుకొని ఉన్నది. కెమెరా పట్టుకున్న తెల్లామె ఏదో అన్నది. టోపీ ఆయన హిందీల కనకమ్మతోని, “అమ్మా, పక్కకు జరుగు. నీ చీర ఇక్కడిది కాదు, ఫొటో ఖరాబ్ అయితది” అన్నడు.

“గీయన నా మనిషి” అన్నది తెలుగుల. ఎవరికి అర్థమైతది? దావా ఆమె రెక్క పట్టి అవతలికి తీసుకపోయిండు.

తెల్లారి బొమ్మను విప్పిండ్రు. కోటు అడిగితే, అది లామాకు పోతదన్నరు. బుద్ధిమాయ వాకిట్లె నిలబడి, కాల్చిన ఆలుగడ్డలు కొన్ని కనకమ్మ కొంగుల పోసింది. దావా ఊరు దాటేదాంక సాగనంపి, త్రిశూలి పోయే వాళ్లతోని ఆమెను జత చేసిండు.

కేసముద్రం దిగినంక మరియం బీ ఒక్కతే ఆమెను పట్టుకొని ఏడ్చింది. కనకమ్మ గాజులు తీస్తనంటే కులపెద్దమనుషులు వద్దన్నరు. “నీ మొగడు నర్మెట్టల రాయి తీరుగ ఉన్నడు. గూర్ఖా నీకేం కావాలె? ఎవనికోసం తీస్తవు?” అన్నరు. ఆమె ఇంటికి పోయి రోకటిబండ మీద చేతులు పెట్టి గాజులన్నీ పగులగొట్టుకున్నది. కొండల్ ఉరికొచ్చిండు.

“పీడ పోయింది కదా, ఇగ ఇంటికి రా” అన్నడు.

“గా మాట అన్నవు సూడు, గందుకే రాను” అని తలుపు పెట్టుకున్నది. వాళ్ల మాటలు మళ్ల కలువలేదు.

లక్ష్మీనర్సయ్య గోదాంకు ఇంకో గూర్ఖాను తెచ్చుకున్నడు. వయసు పిలగాడు, కలుపుగోలు మనిషి. ఈమె తన కొండలు చూసొచ్చిందని ఎవరో చెప్తే, సంబురంగ ఉరికొచ్చి ఆమె ముందట గొంతు కూసున్నడు.

“ఏ ఊర్లు తిరిగినవు మౌసీ? మంచు చూసినవా? మా దిక్కు మంచిగున్నదా?”

కనకమ్మ చాట దించలేదు.

“నేనేం చూడలే నాయినా. దుమ్ము పడుతది, అవతలికి జరుగు” అన్నది.