బొటనవేలి పట్టు

ప్రణీతకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమె భర్త మహిధర్ కనబడ్డవాళ్లందరికీ చెబుతాడు. నిజమే. కానీ అతని కోసం ఆ కోపాన్ని నాలుగేళ్లు ఎలా దిగమింగుకుందో మాత్రం ఎవరికీ చెప్పడు.

జనగామ దగ్గర ఒక పల్లెలో, ఊరికి పడమటి చివరనున్న వాడలో పుట్టింది ప్రణీత. తాత వీరేశం చెప్పులు కుట్టేవాడు, ఎడ్లకు మెడపట్టీలు కుట్టేవాడు, డప్పుకు తోలు బిగించేవాడు. బడి నుంచి రాగానే ఆయన పక్కన చేరి దారానికి మైనం పట్టించడం ఈమె ఆట. ఆరెతో తోలుకు బెజ్జం పెట్టడం, రెండు సూదులను ఎదురెదురుగా దూర్చి లాగడం, తోలు జరగకుండా రెండు పాదాల మధ్య పెట్టుకుని బొటనవేళ్లతో నొక్కి పట్టడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి పట్టుకుంది. తండ్రికి అది గిట్టేది కాదు. "సదువుకోవే పిల్లా, గీ పని మాతోనే పోవాలె" అనేవాడు.

చదువుకుంది. స్టూడెంట్ వీసా మీద ఆక్లాండ్ వచ్చి, బిజినెస్ డిప్లొమా చేసి, ఆ నగరంలోనే మనురేవా అనే పేటలో ఒక డైరీలో చేరింది. డైరీ అంటే పేరుకే పాలు, ఉప్పు నుంచి సిగరెట్ల దాకా అన్నీ అమ్మే చిన్న కొట్టు. అక్కడికి రోజూ పేపరు కోసం వచ్చే గ్రాహం అనే ముసలాయన ఒకరోజు పర్సు మరిచిపోయాడు. ఇచ్చి వద్దామని ఆయన షెడ్డుకు వెళ్లింది. తలుపు తీయగానే తోలూ మైనం కలిసిన వాసన గుప్పుమని తగిలింది. తాత గుర్తొచ్చి, పర్సు చేతిలో పట్టుకుని అక్కడే వెక్కి వెక్కి ఏడ్చింది. గ్రాహం టీ పెట్టి ఇచ్చాడు. మరుసటి వారం ఆమె డైరీ మానేసి ఆయన దగ్గర పనిలో చేరింది.

ఆ షెడ్డులో చేసేవి చాప్స్. గుర్రం ఎక్కేవాళ్లు ప్యాంటు మీద కట్టుకునే తోలు తొడుగులు. నడుముకు పట్టీ, రెండు కాళ్లకూ రెండు తోలు రెక్కలు. ముళ్ల కంచె గీరుకున్నా, జీను ఒరుసుకున్నా కాళ్లకు దెబ్బ తగలదు. కుట్టడం ఒక ఎత్తు, పైన బొమ్మ దిద్దడం ఇంకో ఎత్తు. తోలును తడిపి, అది ఇంకా పచ్చిగా ఉండగానే సన్నటి కత్తితో గీతలు గీసి, చుట్టూ మొద్దు ఉలితో కొట్టుకుంటూ పోతే పువ్వు పైకి లేస్తుంది. గ్రాహం గులాబీలు చెక్కేవాడు. ప్రణీత మొదటి జతకే తంగేడు పూలు చెక్కింది. గులాబీలతో ఆమెకేం పని?

గ్రాహం మంచాన పడ్డాక పనిముట్లన్నీ ఆమెవే అయ్యాయి.

మహిధర్‌ది నల్గొండ వైపు, అక్కడా అలాంటి వాడే, అదే బతుకే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక ఆ సంగతి పెదవి దాటనివ్వలేదు. పెళ్లయ్యాక ఆక్లాండ్‌లోనే ఫ్లాట్ బుష్‌లో ఇల్లు కొన్నారు. గృహప్రవేశానికి వచ్చిన సరోజిని ఆంటీ, అక్కడి తెలుగు ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు, పాయసం తాగుతూ నవ్వుతూనే అడిగింది. మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు? మహిధర్ "మాది హైదరాబాదే ఆంటీ" అని ప్లేటు అందించాడు. భార్య గురించి అడిగితే ఫ్యాషన్ డిజైనింగ్ అన్నాడు. ప్రణీత వంటింట్లో నిలబడి పళ్లు కొరుక్కుంది.

మొన్న మార్చిలో, ఊరి బయట రైతుల షోలో, జనం ముందు కూర్చుని పని చేసి చూపించమని ఆమెను పిలిచారు. హేనీ అనే మావోరీ ఆవిడ ఆ మధ్యాహ్నమే గుర్రమెక్కి పోటీలో దిగాలి. ఆమె చాప్స్‌కు నడుము కుట్టు మాత్రం మిగిలింది. దాన్ని జనం ముందే పూర్తి చేయాలని మాట.

కారులో మహిధర్ బతిమాలాడు. "మనోళ్లంత వస్తరు. కింద కూసొని కాళ్లతోని పట్టుకోకు. ఆ కుర్చీ మీద కూసో. చూస్తే తెలిసిపోతది."

సరేనంది. తోలును పట్టి ఉంచే చెక్క పట్టు బిగించిన ఎత్తు కుర్చీ మీద కూర్చుంది. మామూలు పట్టీలకు అది బాగానే పనికొస్తుంది. నడుము దగ్గర మూడు పొరల తోలు వంపు తిరిగే చోట మాత్రం జారిపోతుంది. జారింది. కుట్లు వదులయ్యాయి. విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ జారింది. హేనీ అవతల గుర్రానికి కళ్లెం వేస్తూ ఇటే చూస్తోంది.

సరిగ్గా అప్పుడే సరోజిని ఆంటీ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏమ్మా ప్రణీతా, ఇంత టాలెంట్ దాచావేం! ఎక్కడ నేర్చుకున్నావు, ఇక్కడేదైనా కోర్సా?"

"అవునాంటీ, వీకెండ్ కోర్సు. ఊరికే హాబీ" అన్నాడు మహిధర్.

ప్రణీతకు ఒళ్లు మండిపోయింది. డెబ్బై ఏళ్లొచ్చినా ఆరె వదలని తాతను, ఎవరి గడప ముందైనా చెప్పులు విడిచి చేతపట్టుకుని నడిచిన మనిషిని, ఒక్క ముక్కలో హాబీ చేసి పారేశాడు. ఆమె కుర్చీ దిగింది. బూట్లు విప్పింది, మేజోళ్లు విప్పింది. గడ్డి మీద చతికిలబడి, తోలును పాదాల మధ్య ఇరికించి, బొటనవేళ్లతో నొక్కి పట్టింది. తోలు కదల్లేదు.

"కోర్సు గాదు ఆంటీ. మా తాత దగ్గర నేర్చుకున్న. మేం మాదిగోళ్లం. ఇది మా ఇంటి పని."

సరోజిని ఆంటీ ముఖం మాడిపోయింది. "అయ్యో, ఇప్పుడవన్నీ ఎవరడిగారమ్మా? ఈ దేశం వచ్చాక అవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారు?"

"మీరే అడిగిన్రు. మా ఇల్లు ఊళ్లె ఏ వైపని. పడమటి వైపు, ఊరవతల. అప్పుడు చెప్పలే, ఇప్పుడు చెప్తున్న."

ఆంటీ ఐస్‌క్రీమ్ బండి వైపు నడిచింది, మిగతావాళ్లు వెనకే పోయారు.

"పరువు తీసినవ్" అన్నాడు మహిధర్ గొంతు తగ్గించి.

"అది పరువు గాదు, దాక్కునుడు. ఆ దారం ఇటియ్యి."

అతను దారం తీసిచ్చాడు. ఆమె చివరి కుట్టు బిగించి పంటితో తెంపింది. హేనీ వచ్చి చాప్స్ కట్టుకుని, మోకాళ్లు వంచి చూసుకుని, ప్రణీత భుజం గట్టిగా నొక్కి గుర్రం దగ్గరికి పరిగెత్తింది.

ప్రణీత పనిముట్లు తుడుచుకుంటుంటే పక్కన ఎవరో గొంతుక్కూర్చున్నారు. ఆంటీ వెంట వచ్చిన నలుగురిలో ఒకామె, అమృత. దూరాన ఉన్న జాన్సన్‌విల్ నుంచి ఈమధ్యే ఆక్లాండ్ మారింది. ఒక్కతే తిరిగొచ్చింది. ఆమె చెయ్యి చాచి ఆరె పిడిని ముట్టుకుంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అక్కా," అంది, పెదాలు కదిలీ కదలకుండా. "మేం కూడ అదే. మా నాయిన గూడ గిదే పని చేసేటోడు. ఎవ్వరికీ చెప్పకు."

ప్రణీతకు ప్రతి ముక్కా వినబడింది.

"గట్టిగ చెప్పు చెల్లె," అంది. "నాకు ఇనబళ్లే."

అమృత అటూ ఇటూ చూసింది. ఊపిరి పీల్చుకుని లేచి నిలబడింది. ఈసారి గట్టిగానే చెప్పింది. ఐస్‌క్రీమ్ బండి దగ్గరున్న సరోజిని ఆంటీ వెనక్కి తిరిగింది.