లోపలంచు అరిగిన టైరు

టైరు అరిగిన తీరు చూసి బండికి ఏం తగిలిందో చెప్పడం నాకు ఒక మనిషి నేర్పాడు. ఆ మనిషి పని పోవడానికి కారణం నేనే. చాలా ఏళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో కాశీబుగ్గలో ఒక జీడిపప్పు షావుకారుకి ఆరు చక్రాల లారీ ఉండేది. దానికి ఇద్దరం డ్రైవర్లం. పెద్దాయనది పూండి దగ్గర పల్లె. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. ఉద్దానం తోటల్లో కొబ్బరికాయలో, జీడిపిక్కలో ఎక్కించుకుని పలాసకీ, టెక్కలికీ, ఒక్కోసారి విశాఖపట్నానికీ తోలేవాళ్లం. ఒక వారం ఆయన, ఒక వారం నేను.

పొద్దున్నే బండి తీసే ముందు ఆయన ప్రతి టైరునీ అరచేత్తో, గొడ్డు వీపు నిమిరినట్టు నిమిరేవాడు.

"మద్దిలో అరిగితే గాలెక్కువ. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగిందనుకో, తప్పు టైరుది కాదురా అల్లుడా, సెక్రం వంకర నిలబడ్డాది. కొత్త టైరేసినా దాన్నీ తినేత్తది."

నాకప్పటికి పెళ్లయి ఏడాది, ఈ పనే ఆధారం. ఒక వానాకాలం మధ్యాహ్నం తోటల మధ్య రోడ్డులో ఖాళీ బండితో వస్తున్నాను. బీడీ ముట్టించడానికి తల వంచాను. అగ్గిపుల్ల అంటుకునేలోగా మలుపొచ్చింది. ఎడమ చక్రం రోడ్డు దిగింది. కింద ధడేల్‌మని మోత. దిగి చూస్తే, ఎప్పుడో నరికేసిన కొబ్బరిమొద్దు ఒకటి గడ్డిలో దాగి ఉంది. దాని తల మీద కొత్తగా చెక్కు లేచిపోయింది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. నెమ్మదిగా బండి రోడ్డెక్కించాను. బండి తిన్నగానే పోతోంది గానీ స్టీరింగు కొంచెం పక్కకి తిరిగి ఉంది. అది నా చేతులకి తెలిసింది. తెలియనట్టే కాశీబుగ్గ వచ్చేశాను. మర్నాడు మావకి బండి అప్పగించాను.

మూడు వారాలు తిరిగేసరికి ముందు టైర్ల దగ్గర్నుంచి ఒక రొద మొదలైంది. తేనెటీగలు ముసిరినట్టుండేది. మావ టైరు నిమిరి, చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"ఇలాగ్రా. లోపల్నించి బయటికి నిమురు. నున్నగుందా? ఇప్పుడు బయట్నించి లోపలికి."

నిమిరాను. రంపం పళ్లలా కోసుకుంది. లోపలంచు అప్పుడే బాగా అరిగిపోయింది.

"ఎక్కడైనా తగిలిందేటిరా?"

"నేదు మావా," అన్నాను.

ఆయన మరి అడగలేదు. గాలి చూశాడు, సరిగ్గానే ఉంది. కుడి టైరు ఎడమకీ ఎడమది కుడికీ మార్చాడు. నెల తిరక్కుండా రెండూ ఇంకా అరిగాయి. చివరికి ఆయనే షావుకారుకి చెప్పి, టెక్కలి రోడ్డు మీద ఒక మెకానిక్ షెడ్డుకి బండి తోలించాడు. షావుకారు, మావ, నేను ముగ్గురం వెళ్లాం.

మెకానిక్ ముందు చక్రాలు జాకీ మీద లేపి, తిప్పుతూ, ఒక్కో టైరు నడుమా సుద్దతో గీత గీశాడు. ఆ గీతల మధ్య దూరం ముందు పక్క ఒకసారి, వెనక పక్క ఒకసారి టేపుతో కొలిచాడు. ముందు కొలత వేలెడు ఎక్కువొచ్చింది. చక్రాలు రెండూ చెరోవైపు చూస్తున్నాయన్న మాట. అతను కిందికి దూరి, రెండు చక్రాలనీ కలిపే రాడ్డు మీద మట్టి తుడిచాడు. రాడ్డు వంగి ఉంది.

"గట్టిదే తగిలింది. ఎవుల సేతిలో తగిలిందో మరి," అన్నాడు కిందనుంచే.

షావుకారు మా ఇద్దరి వంకా చూశాడు. నోరు తెరవాలనే అనుకున్నాను. నాకంటే ముందు మావ తెరిచాడు.

"నా సేతిలోనేనేమో బాబూ. పూండి గేటు కాడ పట్టాలు దాటినప్పుడు ఓ పాలి కింద టంగుమన్నాది. నాను దిగి సూడనేదు."

"సూడాలి కదా! వయసైపోనాది నీకు. రేపట్నించి రాకు," అన్నాడు షావుకారు.

అప్పుడు చెప్పినా సరిపోయేది. చెప్పలేదు. మావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "రాడ్డు మార్సినాక మల్లా ఓ పాలి కొలిపించు అల్లుడా," అని చెప్పి బస్సు కోసం నడిచి వెళ్లిపోయాడు.

రాడ్డు మార్చారు, టైర్లు మార్చారు. అరుగుడు ఆగిపోయింది. రొద మాత్రం నాకు ఆగలేదు. కొత్త టైర్ల మీద పోతున్నా వినపడేది. ఇంట్లో అన్నం తింటుంటే వినపడేది. వేరే షావుకారు దగ్గరికి మారాను, వేరే బండి తోలాను, అందులోనూ వినపడేది. మాటిమాటికీ దిగి టైర్లు నిమురుతుంటే తోటివాళ్లు నవ్వేవారు.

ఏడెనిమిదేళ్లు పోయాక, పలాస స్టేషను బయట టీ కొట్టు దగ్గర, పూండి వైపు మనిషి ఒకడు మాటల్లో అన్నాడు, మావ ఆ తర్వాత స్టీరింగే ముట్టుకోలేదని. ఆ ఆదివారమే వాళ్ల ఊరు వెళ్లాను.

ఇంటి పక్క నీడలో, నేలలో పాతిన ఇనప గునపం మీద కొబ్బరికాయలకి పీచు ఒలుస్తున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. అత్త మజ్జిగ తెచ్చింది. అది తాగితే మరి చెప్పలేనని, గ్లాసు కింద పెట్టి మొత్తం చెప్పేశాను. బీడీ, మలుపు, మొద్దు.

"గేటు కాడ కాదా?" అన్నాడు మావ.

"కాదు మావా."

"నిజంగా?"

"నా సేతిలోనే మావా."

చేతిలో కాయ పక్కన పెట్టాడు. తన అరచేతులు చూసుకున్నాడు. "నా సేతులకి తెలివిడి పోనాదనుకున్నానురా. బండికి దెబ్బ తగిల్తే తెల్సుకోనేనోడు జనం మద్దిన బండేటి తోల్తాడని ఒగ్గేసినాను. ఎవులైనా సత్తారని బయ్యమేసింది."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అత్తే గ్లాసు తీసేస్తూ, "ఇంకెల్లు బాబూ," అంది. అంతకుముందు ఆమె కూడా నన్ను అల్లుడా అనేది, ఎప్పుడూ బాబూ అనలేదు.

పాత షావుకారు దగ్గరికీ వెళ్లి చెప్పాను. "ఏ లారీ?" అన్నాడు.

నెల పోయాక ఒక ఉదయం మావ తనంతట తనే మా లారీ ఉండే షెడ్డుకి వచ్చాడు. "తాళం ఇయ్యి," అన్నాడు. ఇచ్చాను. ఎక్కి, స్టార్ట్ చేసి, గేరు వేసి, ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు. మలుపు ఎంత చక్కగా తీశాడంటే, నేను ఏడ్చేశాను. ఇంజను ఆపి చాలాసేపు లోపలే కూర్చున్నాడు. తర్వాత దిగాడు.

"సేతులు బాగానే ఉన్నాయి. బయ్యం పోనేదు," అని తాళం నా చేతిలో పెట్టాడు.

మరి రాలేదు. కాశీబుగ్గ బజారులో ఎప్పుడైనా ఎదురైతే, "తిన్నావేటి?" అని అడుగుతాడు. తిన్నానంటాను. ఆయన ఆగకుండా వెళ్లిపోతాడు.