నేను విరగ్గొట్టిన సర్కారు పిస్తోలు

ఫైరింగ్ పరీక్ష రోజు ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, "గొంతు అట్లుందేం మ్మా?" అని నాయన అడిగాడు. "దుమ్ము నాయనా" అన్నాను. అనంతపురంలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. అసలు సంగతి ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున నేను ప్రభుత్వంవారి పిస్తోలును విరగ్గొట్టాను. నవ్వడానికి తొందరపడకండి, ప్రళయం ముందుంది.

ధర్మవరంలో మగ్గం గుంతలోంచి లేచి పోలీసు శిక్షణకు వెళ్ళినదాన్ని. నా నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలి. అక్కడ వారాల తరబడి రివాల్వరుతో సాధన చేశాను. అదీ నాలాంటిదే, గుండ్లన్నీ అయిపోయినా పైకి ఏమీ తెలియనివ్వదు. తీరా పరీక్ష ముందు, "ఈసారి పిస్తోలు" అన్నారు. తుపాకీ నేర్పే ఉస్తాద్ దాని సంగతులన్నీ విప్పి చెబుతుంటే, నేను చివరి వరుసలో నిలబడి ముందువాళ్ళ వీపులు శ్రద్ధగా చూశాను. "అర్థమైందా?" అంటే అందరి గొంతులో గొంతు కలిపి "అయింది సార్!" అన్నాను.

పరీక్ష తప్పితే ఇంటికి పంపేస్తారు. మళ్ళీ మగ్గం గుంతే.

మట్టికట్ట ముందు బొమ్మలు నిలబెట్టారు. కాల్చాను. ప్రతి దెబ్బకూ పిస్తోలు పైభాగం మా మగ్గంలో పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె కంటే వేగంగా వెనక్కీ ముందుకీ పరిగెడుతోంది. చివరి గుండు పేలింది. పైభాగం వెనక్కి వెళ్ళింది. ఇక తిరిగి రాలేదు! ముందు గొట్టం ముక్క బయటికి పొడుచుకొచ్చింది. లోపలి పేగులన్నీ కనిపిస్తున్నాయి.

మా ఇంట్లో ఒక చట్టముంది. పోగు తెగితే నాయన కంట పడకముందే అతికేయాలి. నేనూ అదే పనిలో పడ్డాను. పిస్తోలును మట్టికట్ట వైపే ఉంచి అరచేత్తో నెట్టాను. బతిమాలాను. గుర్తున్న దేవుళ్ళందరినీ పిలిచాను. కదల్లేదు.

పక్కనే కాలుస్తున్న ఈశ్వరమ్మ తొంగిచూసింది. "ఏమైందే?"

"ఇరిగిపోయినాది."

"ఏంది?"

"పిస్తోలు."

"అయ్యో, సర్కారుదే అది! ఇంగ నీ కొలువు పాయె!"

"మెల్లగ సెప్పవే తల్లీ!"

అప్పటికే ఉస్తాద్ వచ్చేశాడు. "ఏం మ్మా, ఏం జేస్తాండావు ఆడ?"

"ఏం ల్యా సార్. నేనేం జేయలేదు. ఇచ్చినప్పుడే ఇట్ల ఉండాది."

"ఇచ్చినప్పుడే ఇట్లుంటే గుండ్లు యాడ్నించి పోయినాయి? నీ నోట్లోంచా?"

వరుసంతా పగలబడి నవ్వింది. నేను భోరుమన్నాను. "మళ్ళా అతుక్కుంటాదా సార్?"

ఆయన నన్నూ పిస్తోలునూ మార్చి మార్చి చూశాడు. దాన్ని తీసుకుని, లోపల ఖాళీయేనని చూసుకుని, పక్కనున్న చిన్న మీటను బొటనవేలితో కదిపాడు. ఠక్! పైభాగం బుద్ధిగా ముందుకొచ్చి కూర్చుంది.

"గుండ్లు అయిపోతే అది అట్లే నిలబడతాది మ్మా. ఖాళీ అని సెప్తాండాది, అంతే."

నా గుండె కూడా ఠక్కున దాని చోటికొచ్చింది. "బతికింది సార్!" అని కేకపెట్టాను. శిక్షణలో నా గొంతు విడిగా, అంత గట్టిగా వినబడడం అదే మొదలు. బొమ్మకు పడిన చిల్లులు చూసొచ్చి పాసయ్యానన్నారు. మొహానికి కొట్టే వేడిగాలి కూడా ఆ క్షణంలో విసనకర్ర గాలిలా హాయిగా తోచింది.

కాబట్టి ఇదంతా రాస్తున్న నా డైరీ మీద ఒట్టు వేసి చెబుతున్నాను. అర్థం కానిది అర్థమైందని ఇక ఈ జన్మలో అనను. సర్కారు ఆస్తికి దొంగచాటు వైద్యం చేయను.

ఆ రోజు నేను వెళ్ళిపోతుంటే ఉస్తాద్ వెనక్కి పిలిచి మరీ చెప్పాడు:

"సాయంత్రం తుడిసేదానికి దాన్ని ముక్కలు ముక్కలుగా ఇప్పుతాం. అది జూసి మళ్ళా ఏడవాకు మ్మా."