సుడి లెక్క

సెలూన్ మాస్టారికి నలభై రెండేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు ఇతరుల తలలతోనే గడిచాయి. రెండు కుర్చీలు, గోడంత అద్దం, దువ్వెనల డబ్బా పక్కన ఆకారాల గణితం చెప్పే, నూనె మరకలు పడ్డ టోపాలజీ పుస్తకం. డిగ్రీలో లెక్కలంటే పడి చచ్చిన మనిషి. నాన్న కత్తెర చేతికి రావడంతో చదువు అటకెక్కించి, పద్దెనిమిదేళ్ల తర్వాత దూరవిద్యలో ఎమ్మెస్సీకి కట్టాడు. అప్పట్నించీ గడ్డానికి నురగ పూసి, కత్తి పట్టుకుని, ఉన్నట్టుండి ఎటో చూస్తూ ఆగిపోయేవాడు.

“మాస్టారూ, గొంతు మీద కత్తి పెట్టి ఆలోచనలేంటండీ బాబూ! ముందు గీసెయ్యండి, తర్వాత ఎంతసేపైనా ఆలోచించుకోండి” అని కుర్చీలోని వాళ్లు మొత్తుకునేవారు.

పేపర్లన్నీ గట్టెక్కాయి. టోపాలజీ వైవా ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. మొదటిసారి నోరు పెగల్లేదు. రెండోసారి నిర్వచనాలన్నీ గడగడా అప్పజెప్పి, “ఎందుకు?” అన్న ఒక్క ప్రశ్నకి తెల్లమొహం వేశాడు. మూడోసారీ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు. నాలుగేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఆసుపత్రిలో నర్సుగా చేసే భార్య మూడో వైవా రోజు ఉదయం చొక్కా చేతికిస్తూ ఒకటే మాట చెప్పింది. “ఈసారి బట్టీ పట్టింది చెప్పకండి. మీకు తెలిసింది చెప్పండి.”

పరీక్షకుడు పొరుగూరి ప్రొఫెసరు. నెరిసినా ఒత్తు తగ్గని జుట్టు. మాస్టారి కళ్లు ముందు అక్కడికే పోయాయి, అలవాటు మరి! ఆయన అడిగింది మాస్టారికి ప్రాణమైన సిద్ధాంతానికి రుజువు. బంతి నిండా వెంట్రుకలుంటే, ఎంత నేర్పుగా దువ్వినా ఎక్కడో ఒకచోట సుడి తప్పదు. ఆ సిద్ధాంతం మొదటిసారి చదివిన రోజు మాస్టారికి ఒళ్లు జలదరించింది. ఎవరో తన సెలూన్లో నిలబడి చూసి రాసినట్టనిపించింది.

“రుజువు నా చేతుల్లోనే ఉంది సార్. నేను బార్బర్ని. ఇన్నేళ్లలో సుడి లేని తల ఒక్కటీ చూళ్లేదు” అన్నాడు ఉత్సాహంగా.

ప్రొఫెసరు నవ్వలేదు. “మొహం మీద జుట్టుంటుందా? మెడ మీద? తల మొత్తం బంతి కాదండీ, బోర్లించిన గిన్నె. గిన్నె మీద జుట్టంతా ఒకే వైపుకి దువ్వెయ్యొచ్చు, సుడి అక్కర్లేదు. మరి తలకెందుకు వస్తోంది?”

మాస్టారు తన తలనొకసారి తడిమి చూసుకున్నాడు. నిజమే. తను నమ్ముకున్నది రుజువే కాదు. మూడోసారి కూడా అదే “ఎందుకు”. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగాడు.

అప్పుడు తెలిసిన పని చేశాడు. గాలిలో ఒక తలని ఊహించుకుని, రోజూ కత్తెర తిప్పే వరసలోనే అంచు వెంబడి చెయ్యి తిప్పాడు. నుదుటి మీద జుట్టు ముందుకి పడుతుంది. కుడి చెవి మీద పక్కకి. మెడ దగ్గర వెనక్కి. ఎడమ చెవి మీద అటు పక్కకి. మళ్లీ నుదుటికొచ్చాడు. చెయ్యి ఆగిపోయింది.

“సార్, అంచు చుట్టూ తిరిగొస్తే జుట్టు దిక్కు కూడా సరిగ్గా ఒక చుట్టు తిరుగుతోంది! ఈ అంచుని కొంచెం కొంచెం లోపలికి కుదించుకుంటూ పోతే, మొదలెట్టిన దిక్కుకే తిరిగి రావాలి కాబట్టి, ఆ ఒక్క చుట్టు అరచుట్టు అవ్వడం కుదరదు. సుడి లేకపోతే, ఆఖర్న చుక్కంత చోట వెంట్రుకలన్నీ ఒకే వైపుండాలి, అంటే తిరగడమే ఉండకూడదు. ఒకటి సున్నా ఎలా అవుతుంది సార్? అందుకే లోపల సుడి ఉండి తీరాలి.”

“రెండు సుడులుంటే? లెక్క రెండవ్వాలిగా. అంచు ఒకటే అంటోంది.”

మాస్టారు క్షణం తడుముకోలేదు. “రెండు సుడుల తలకి మధ్యలో ఒక పెంకిచోటుంటుంది సార్. రెండు వైపుల జుట్టూ ఎదురెదురుగా వచ్చి, చెరో పక్కకి చీలిపోతుంది. అక్కడ కత్తెర పెట్టాలంటే మాకు ప్రాణాల మీదికొస్తుంది. దాని చుట్టూ తిరిగితే...” వేలు తిప్పి చూసుకున్నాడు. “దిక్కు ఎదురు తిరుగుతోంది సార్. అది మైనస్ ఒకటి. మొత్తం మళ్లీ ఒకటే!”

ఇరవై రెండేళ్లు దువ్వెన పట్టుకుని తిట్టుకున్న చోటు అది. అది లేకపోతే లెక్కే కుదరదని తెలిసేసరికి ఆయనకి కళ్లు చెమర్చాయి, దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక సుద్దముక్కని గట్టిగా పట్టుకున్నాడు.

ప్రొఫెసరు లేచొచ్చి, కుర్చీ లాక్కుని ఆయన ముందు కూర్చున్నాడు. “నాకు రెండు సుడులున్నాయట. ఇద్దరు పెళ్లాలొస్తారని మా అమ్మమ్మ బెంగపడేది. ఒక్కావిడే వచ్చింది, ఇద్దరి పెట్టు” అని తల వంచాడు.

మాస్టారి వేళ్లు నెరిసిన జుట్టులోకి వెళ్లాయి. ఒక సుడి. రెండోది. మధ్యలో, మొండిగా నిలబడ్డ నాలుగు వెంట్రుకలు.

“ఇక్కడ సార్.”

“పాసయ్యారు. వేలు తియ్యకండి” అన్నాడు ప్రొఫెసరు, తల ఎత్తకుండానే. “ముప్పై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. నాకూ చూపించండి.”

మాస్టారు ఆయన చూపుడువేలు పట్టుకుని, మెల్లగా ఆ చోట పెట్టాడు.