ఏడుంబావు తర్వాత వచ్చిన రీడింగులు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. ఒట్లు వేయను. ఒక్క మాట మాత్రం చెబుతాను... ఇది నేను కల్పించిందే అయితే, ఇందులో నన్ను నేను మంచివాడిగా పెట్టుకునేవాడిని. అలా పెట్టుకోలేదు. వింటే మీకే తెలుస్తుంది.

నా పేరు సలీం. మాది ఖమ్మం. మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. నేను నీళ్ళ అడుగు కొలుస్తాను. ఈ మాట చెబితే పిల్లనిచ్చిన మామకే ఇప్పటికీ అర్థం కాదు, ఇక మీకేం అర్థమవుతుంది? పడవ అడుగున ఒక యంత్రం బిగిస్తాం. అది నీళ్ళలోకి శబ్దాన్ని విసనకర్రలా విచ్చి వదులుతుంది. ఆ శబ్దం అడుగు తాకి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసి కంప్యూటర్ లోతు కడుతుంది. పొలం దున్నినట్టు పడవ ఒక సాలు పక్కన ఒక సాలు తిరుగుతుంటే, తెర మీద అడుగంతా రంగుల్లో పరుచుకుంటుంది. ఎక్కడ గుంట, ఎక్కడ బండ, ఎక్కడ ఇసుక మేట... అన్నీ. సముద్రం అడుగు కొలిచేదీ ఇదే యంత్రం. కాకినాడ దగ్గర సముద్రం మీద రెండేళ్ళు చేశాను. తర్వాత గోదావరికి పంపారు.

భద్రాచలం పక్కన సారపాక కాగితం మిల్లు దీపాలు వెనకబడిపోయే దాకా ఎగువకు పోతే, ఒక ఒడ్డున అంతా అడవే. అక్కడ మా పని.

ఇక్కడ ఒక సంగతి మీకు తెలియాలి. యంత్రం చెప్పేది నీటి మట్టం నుంచి అడుగు దాకా ఎంత అని. నీటి మట్టమే పెరుగుతుంటే? అడుగు కదలకుండానే లోతు మారిపోతుంది. అందుకని మట్టం ఎప్పటికప్పుడు ఎంతుందో తెలియాలి. మామూలుగా అయితే శాటిలైటే చెబుతుంది. కానీ మట్టం అంత కచ్చితంగా చెప్పాలంటే దానికి ఫోన్ సిగ్నల్ కూడా కావాలి, ఆ అడవిలో అది లేదు. మట్టం దానంతటదే రాసుకునే పెట్టె ఒకటి ఉండాలి. అది చెడిపోయిందని మూడుసార్లు రాసి పంపాను. మా మేనేజర్ పెట్టె తెప్పించలేదు, మనిషిని పెట్టాడు. ఒడ్డున నీళ్ళలో ఒక గుంజ పాతి, దానికి మీటర్లు, సెంటీమీటర్ల అంకెలు వేసిన స్కేలు కొట్టాం. దాన్ని గేజ్ అంటాం. పావుగంటకోసారి దాన్ని చూసి వాకీటాకీలో నాకు చెప్పాలి, నోట్‌బుక్‌లో రాయాలి. అంత పెద్ద యంత్రం, అన్ని రంగుల బొమ్మలు... అన్నీ చివరికి ఒక మనిషి కళ్ళ మీద ఆధారపడ్డాయి.

ఆ మనిషి భీమయ్య. అక్కడికి దగ్గర్లోని కోయగూడెం ఆయనది. యాభై దాటి ఉంటాయి. అంకెలు తప్ప చదువు రాదు. చేతికి గడియారం లేదు, ఫోన్‌లో అలారం పెట్టి ఇచ్చాను. రీడింగ్ చెప్పిన ప్రతిసారీ చివర్లో "సారూ, రాసుకున్నరా?" అని అడిగేవాడు. నేను ఊఁ అనేదాకా వదిలేవాడు కాదు. వారం రోజులు విని విని నాకు చిరాకు పుట్టింది.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం మేనేజర్ జీపులో వచ్చి, పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తారని, తెల్లారేసరికి వరద పెరిగి పడవ నిలవదని చెప్పాడు. మిగిలిన సాళ్ళన్నీ ఆ రాత్రికే అయిపోవాలట. చెప్పి వెళ్ళిపోయాడు. పడవలో నేను, పడవ నడిపే నాగులు. గేజ్ దగ్గర భీమయ్య ఒక్కడు. నిజానికి రాత్రిపూట ఇద్దరుండాలి. ఇంకొకణ్ణి అడిగితే మేనేజర్ పెట్టలేదు, నేను గట్టిగా అడగలేదు.

ఏడుంబావుకు రీడింగ్ వచ్చింది. రాసుకున్నాను. ఊఁ అన్నాను. ఇంకా వాకీటాకీ సెట్టు వదల్లేదు ఆయన.

"సారూ... కాలికి ఏందో గుచ్చుకున్నది. మస్తు మంట లేస్తున్నది. జర గూడెం దాక పోయి చూపించుకొని వస్తనా?"

ఇది ఎవరికీ చెప్పలేదు నేను. మొదటిసారి మీకే చెబుతున్నాను.

సాలు మధ్యలో ఉన్నాం. నీళ్ళు పెరుగుతున్నాయి. ఆయన గూడెం పోయి రావడానికి గంట పడుతుంది. గంట రీడింగులు లేకపోతే ఆ గంట పనంతా పారబోయడమే. "ముల్లు అయ్యుంటది భీమయ్యా. తర్వాత చూసుకో" అన్నాను.

ఏడున్నరకు రీడింగ్ రాలేదు.

ఏడుముప్పావుకూ రాలేదు. పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను... గరగర తప్ప ఏమీ లేదు. చెప్పకుండా గూడెం పోయాడని నాకు ఒళ్ళు మండిపోయింది. సెట్టు నోటికి ఆనించి అరిచాను.

"భీమయ్యా, నీకేమన్న కానియ్. తెల్లారేదాక రీడింగ్ ఆగొద్దు. ఆగితే రేపటి సంది పనికి రాకు."

పడవ ఇంజన్ చప్పుడు. అడుగున యంత్రం టిక్కు టిక్కుమంటోంది. నాగులు నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

సరిగ్గా ఎనిమిది. సెట్టు గరగరమంది.

"ఒకటి... తొంభై రెండు."

అంతే. రాసుకున్నరా అని అడగలేదు. అలిగాడనుకున్నాను. అలిగితే అలిగాడు, రీడింగ్ వచ్చింది కదా అనుకున్నాను. అంత దుర్మార్గంగా అనుకున్నాను.

ఎనిమిదింబావు. ఎనిమిదిన్నర. ఎనిమిదిముప్పావు. అంకెలు వస్తూనే ఉన్నాయి. కాసేపటికి ఒకటి గమనించాను. నా తెర మీద శాటిలైట్ గడియారం ఉంటుంది, సెకన్లతో సహా. అలారం మోగి, లేచి, టార్చి వేసి, చూసి చెప్పేసరికి ఏ మనిషికైనా నిమిషమో అరనిమిషమో తేడా పడుతుంది. వారమంతా పడింది. ఆ రాత్రి పడలేదు. సెకన్ల దగ్గర రెండు సున్నాలు పడగానే... గొంతు.

ఆ గొంతు వెనక నీళ్ళ చప్పుడు. ఒడ్డుకు కొట్టుకునే చప్పుడు కాదు. స్నానం చేసేటప్పుడు చెవి మునిగితే వినపడుతుందే... అలాంటిది.

పదకొండప్పుడు ఉండబట్టలేక అడిగాను. "కాలు ఎట్లుంది భీమయ్యా?" జవాబు లేదు. పావుగంట గడిచింది. రెండు సున్నాలు పడ్డాయి. అంకె చెప్పింది గొంతు. మాటకు మాట మాత్రం లేదు.

"సలీం భాయ్, ఆయనకు కోపమొచ్చినట్టుంది" అన్నాడు నాగులు.

ఒకటి దాటాక మా సాలు అడవి ఒడ్డు పక్కకు వచ్చింది. పడవ గేజ్‌కు ముప్పై అడుగుల దూరంలోంచి పోతుంది. ఒకటింబావుకు ఇంకో నిమిషముంది. నాగులును వేగం తగ్గించమన్నాను. పెద్ద లైటు తీసి ఒడ్డు మీదికి తిప్పాను.

గుంజ కనబడింది... స్కేలు కనబడింది... గుంజ మేకుకు వాకీటాకీ వేలాడుతోంది. గాలికి మెల్లగా అటు తిరిగి, ఇటు తిరుగుతోంది.

మనిషి లేడు.

ఒడ్డంతా లైటు తిప్పాను. పొదలు, బురద, ఒక బండ. భీమయ్య కూర్చునే గోనెసంచి. దాని మీద ఎవరూ లేరు. టార్చి వెలుగు ఎక్కడా లేదు. పేరు పెట్టి పిలిచాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది. నాగులు ఇంజన్ ఆపేశాడు. నీళ్ళు పడవను మెల్లగా తోస్తున్నాయి. నేను తెర వైపు చూశాను. యాభై ఏడు... యాభై ఎనిమిది... యాభై తొమ్మిది.

"రెండు... నలభై ఎనిమిది."

నా చేతిలోని సెట్టులోంచి.

ఒడ్డున సెట్టు తిరుగుతూనే ఉంది. దాని పక్కన ఎవరూ లేరు. నా చెయ్యి లైటును స్కేలు మీదికి పట్టింది... ఎందుకు పట్టానో నాకు తెలియదు, పని అలవాటు అనుకుంటాను. నీళ్ళు ఆ అంకెకే ఉన్నాయి. రెండు మీటర్ల నలభై ఎనిమిది.

నాగులు ఇంజన్ వేసి పడవను నది మధ్యకు తిప్పేశాడు. ఒడ్డుకు పోదామని నేను అనలేదు. అనాల్సింది నేనే. పొద వెనక పడుకొని ఉంటాడు, ఇంకో సెట్టు ఏదో దొరికి ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. మనసుకు ఒకసారి సాకు చెప్పడం మొదలుపెడితే ఎన్నైనా దొరుకుతాయి. తెల్లవార్లూ నది మధ్యలో తిరిగాను. పావుగంటకోసారి ఆ గొంతు చెప్పింది. నేను రాసుకున్నాను. ఒక్కటి కూడా వదలకుండా రాసుకున్నాను. చివరిది నాలుగుముప్పావుకు. ఆ తర్వాత తూర్పు తెల్లబడింది.

యంత్రం పైకి తీసి, ఒడ్డుకు చేరేసరికి ఆరయింది.

గేజ్ నుంచి గూడెం పోయే దారిలో, పొదల అవతల, యాభై అడుగుల దూరాన బోర్లా పడి ఉన్నాడు భీమయ్య. తలగుడ్డ విప్పి మోకాలి కింద బిగించి కట్టుకున్నాడు. అంటే ముల్లు కాదని ఆయనకు తెలుసు. కాలు వాచి నల్లబడింది. చెయ్యి పట్టుకొని తిప్పబోయాను. రాలేదు. కట్టెలా బిగుసుకుపోయింది. చీమలు పట్టాయి. అప్పుడే పోయిన మనిషి అలా ఉండడు. గంటల కింద పోయినవాడు అలా ఉంటాడు. జేబులో ఫోన్ అలారం మోగుతోంది. దాన్ని ఆపడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఒడ్డు మీది గోనెసంచి మడతలో నోట్‌బుక్ దొరికింది. చివరి రీడింగ్ ఏడుంబావుది. ఆ కింద అంతా తెల్లకాగితం.

ఇక్కడి నుంచి దయ్యం లేదు. మనుషులే. అదే నాకు ఎక్కువ భయం.

రెండో రోజు కంప్యూటర్‌లో లెక్క సరిచూశాం. సాళ్ళకు అడ్డంగా ఒక వరుస ముందే నడిపి ఉంచుతాం, రెండూ కలిసే చోట లోతు ఒక్కటే వస్తుందా అని చూస్తాం. గేజ్ రీడింగ్ తప్పయితే అక్కడ పట్టుబడుతుంది. ఒక్క చోట కూడా తప్పు రాలేదు. వేలి మందం తేడా లేదు. ఎనిమిది నుంచి నాలుగుముప్పావు దాకా అంత ఖచ్చితమైన రీడింగులు నా ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు. మేనేజర్ భుజం తట్టి మెచ్చుకున్నాడు.

భీమయ్య భార్య కన్నమ్మ అర్జీ పెట్టింది. పని మీద ఉండగా చచ్చిపోయాడు, నాకూ పిల్లలకూ దిక్కు చూపించండి అని. భద్రాచలంలో కిరాయికి తీసుకున్న మా ఆఫీసుకు విచారణ కోసం ఒక ఆఫీసర్ వచ్చాడు. మా మేనేజర్ నా రీడింగుల షీటు ఆయన ముందు పెట్టాడు. నాలుగుముప్పావు దాకా మనిషి డ్యూటీలో మాట్లాడుతూనే ఉన్నాడు, శాటిలైట్ గడియారం సాక్ష్యం, డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే దారిలో పాము కరిచింది, దానికి మాకేం సంబంధం అన్నాడు. శవం దవాఖానాకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది కాబట్టి డాక్టర్ గంట తేల్చి రాయలేదు. నాగులును ఎవరూ పిలవలేదు. షీటు మీద సంతకం నాది.

ఆఫీసర్ నన్ను ఒక్కటే అడిగాడు. నాలుగుముప్పావు దాకా రీడింగ్ ఇచ్చింది భీమయ్యేనా అని.

కాదంటే, మరి ఎవరని అడుగుతాడు. ఏం చెప్పను? నోట్‌బుక్ చూపిస్తే, ఏడుంబావుకు ఏం జరిగిందని అడుగుతాడు. చూపించుకొని వస్తానంటే నేను పోనివ్వలేదని చెప్పాలి. పని పోతుంది. సర్వే చెత్తబుట్టలో పడుతుంది. మేనేజర్ నా వైపే చూస్తున్నాడు.

"ఆయనే సార్" అన్నాను.

ఆఫీసర్ రాసుకున్నాడు. అర్జీ అక్కడితో అయిపోయింది.

బయట వరండాలో కన్నమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. నన్ను చూసి లేచింది. ఆమె పక్కనుంచి తల దించుకొని పోదామనుకున్నాను. పోనివ్వలేదు.

"రాత్రంత నీతోని మాట్లాడిండంట గద సారూ. నా గురించి గాని, పిల్లల గురించి గాని ఏమన్న అన్నడా?"

"లేదమ్మా. నీళ్ళ లెక్కలే చెప్పిండు."

"తెల్లారి నేను పట్టుకుంటే కట్టె లెక్క ఉండె. గొంతు ఆయనదేనా?"

నా సంచిలో ఆ నోట్‌బుక్ ఉంది. నా చెయ్యి సంచి మీదే ఉంది. తీసి ఇస్తే చాలు. లోపల ఆఫీసర్ ఇంకా లేవలేదు, చాయ్ తాగుతున్నాడు.

"అవ్" అన్నాను.

ఆమె ఏడవలేదు. కొంగు సర్దుకుంది.

"మూడు రాత్రులు గడపకాడ బువ్వ పెట్టి కూసున్న. ఒక్కపారన్న వస్తడేమోనని. రాలే" అంది. "సచ్చినంక గూడ మీ పనికే పోయిండన్నట్టు."

మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ గొంతు భీమయ్యదేనా... నాకు తెలియదు. వారం రోజులు రోజూ విన్న గొంతును పోల్చుకోలేనా అంటారు మీరు. ఆయన గొంతుకు మొదట్నించీ నేనెప్పుడు చెవి పెట్టాను? అంకె వినేవాణ్ణి, రాసుకునేవాణ్ణి. ఆయనది కాకపోతే మాత్రం, ఆ రాత్రి నీళ్ళు ఎంత పెరిగాయో నాకు చెప్పింది ఎవరు?