కొత్త ర్యాము మీద అనుమానం

లింగమూర్తి ఎవరినీ తొందరగా నమ్మడు. చొప్పదండిలో ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపాడు. మోకాళ్లు అరిగాక ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని చీర అంచుల డిజైన్లు గీస్తున్నాడు. తెర మీద ఒక్కో గడి మగ్గం మీద ఒక్కో పోగు. ఆ ఫైలును బట్టే, మగ్గానికి ఏ పోగు లేపాలో చెప్పే జకార్డ్ అట్టలకు రంధ్రాలు కొడతారు. గడి తప్పితే నేసిన చీరలన్నీ తప్పే.

కంప్యూటర్ నెమ్మదించిందని కరీంనగర్‌లో అరుణ్‌కుమార్ దుకాణంలో రెండో ర్యాము వేయించాడు. డబ్బా మీద వేగం 3200 అని ఉంది. ఇంటికొచ్చి చూస్తే తెర మీద 2400. పాత ర్యాము వేగం కూడా అదే.

"పాతదాన్నే తుడిచి అంటగట్టిండు," అన్నాడు భార్య కొమురవ్వతో.

"పోయి అడుగరాదు?"

"అడిగితే ఒప్పుకుంటడా?"

ఫోన్లో వీడియో చూసి సెట్టింగుల్లో తానే 3200 పెట్టాడు. మగ్గం మెల్లగా నడిస్తే మోటారుకు పెద్ద పుల్లీ బిగించి వేగం పెంచిన మనిషి. ఇదీ అంతే అనుకున్నాడు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు తెర నీలంగా మారి ఆగిపోయింది. మళ్లీ ఫైలు తెరిస్తే అంచులో ఒక నెమలికి మెడ లేదు. మర్నాడే ఆ డిజైన్ మగ్గాల ఆసామి కైలాసానికి అందాలి. అందకపోతే పని సిరిసిల్లలో డిజైన్లు గీసే ఇంకో మనిషికి పోతుంది.

కంప్యూటర్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ దుకాణానికి వెళ్లాడు. అరుణ్ మూత తీస్తుంటే వాడి చేతుల మీద నుంచి చూపు తిప్పలేదు.

అరుణ్ ఒక్కో ర్యామునూ విడిగా పెట్టి 3200 మీద పరీక్షించాడు. కొత్తది పాసైంది. పాతదానికి తెర నిండా తప్పులు చూపే ఎర్ర గీతలు.

"కాకా, స్పీడు మీరు పెంచిన్రా?"

"నాకేం తెలుసు. నువ్విచ్చినట్టే ఉన్నది."

"మరెవరు పెంచిన్రు? మా చిన్నమ్మనా?"

లింగమూర్తి అరుణ్ చేతుల మీద నుంచి చూపు తిప్పేశాడు.

"రెండిటిని జోడిస్తే తక్కువదాని స్పీడే రెండిటిదీ. అందుకే 2400 చూపెట్టింది. పాతదాన్ని బలిమికి ఉరికిస్తే లెక్క తప్పుతది."

"పుల్లీ మార్చినట్టే గదా అనుకున్న," అన్నాడు లింగమూర్తి మెల్లగా.

"మగ్గం మీద పోగు తెగితే కండ్లకు కనబడ్తది. దీంట్ల కనబడది. తప్పునే ఫైల్ల రాసి పెడ్తది."

"అంటే నెమలొక్కటే కాదా?"

"గీ మూడు రోజుల పనికి నేనైతే గ్యారంటీ ఇయ్య."

అరుణ్ వేగాన్ని 2400కు దించాడు. లింగమూర్తి బల్ల మీద కూర్చుని కైలాసానికి ఫోన్ చేశాడు.

"డిజైన్ రేపు రాదు. రెండు రోజులు పడ్తది."

"ఏమాయె? దుకాణపోడు మోసం చేసిండా?"

అవుననడం తేలికే. అరుణ్ స్క్రూలు బిగిస్తూ వింటున్నాడు.

"లేదు. నేనే స్పీడు పెంచి ఖరాబు చేసిన. మూడు రోజుల పని మళ్ల మొదటికెళ్లి గియ్యాలె."



"రెండు రోజులు ఆగుత," అన్నాడు కైలాసం. "గని అట్టలు కొట్టకముందు గడి గడి నేను గూడ చూస్త. ఇగ ఒట్టి నీ మాట మీద కొట్టియ్యను."

"చూసుకో," అన్నాడు లింగమూర్తి.