చెప్పి భయపెట్టిన పెద్దమ్మ

మంగళవారం పొద్దున నేను యాచారం దారిలో ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది మా ఎదురింటి పెద్దమ్మ చెల్లెలు. "అక్క పోయింది కొడుకా. చాయ్ పెట్టి లేపిన, లెవ్వలే" అంది. బండి వెనక్కి తిప్పి ఇబ్రహీంపట్నం వచ్చేసరికి ఇంటి ముందు కుర్చీలు వేస్తున్నారు. గేటు దగ్గర విడిచిన చెప్పుల్లో పిల్లలవే ఎక్కువ. బడులకు సెలవులు. వీధి పిల్లలందరూ లోపల గోడవారగా కూర్చుని ఉన్నారు. వాళ్లను బయటికి పంపాలని ఒకాయన ప్రయత్నించాడు. చెల్లెలు ఒప్పుకోలేదు. "ఉండనీ. అక్కుంటే ఎల్లగొడ్తుండెనా?" అంది.

పెద్దమ్మను మీరు చూసే ఉంటారు. పేరు తెలిసి ఉండదు. తెలివైన పిల్లను పెద్దవాళ్లు నానా హింసలు పెట్టే సినిమాలు వస్తుంటాయి కదా. ఆ పిల్ల లెక్కల్లోనో పాటలోనో చదరంగంలోనో దిట్ట. హెడ్మాస్టరో మేనత్తో ఆ తెలివిని ఓర్వలేరు. చివరికి పిల్ల ఎదురు తిరుగుతుంది, పెద్దవాళ్లు తల దించుకుంటారు. కుటుంబమంతా కలిసి చూడదగిన చిత్రం అని పోస్టరు మీద వేస్తారు. అలాంటి సినిమాల్లో అన్నం పళ్లెం లాక్కునే ఆయా, గొళ్లెం పెట్టే వార్డెన్, జుట్టు పట్టి ఈడ్చే అత్త ఈమే. ఒత్తు కనుబొమలు, వెడల్పు నుదురు, పెద్ద చేతులు. నవ్వకపోతే భయం వేసే ముఖం. ఇంట్లో ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది కాబట్టి మాకు ఆ సంగతి సినిమా చూస్తే తప్ప గుర్తొచ్చేది కాదు.

ఆ పనిలోకి ఆమె ఎలా వచ్చిందో ఆమే చెప్పింది. భర్త పోయిన కొత్తలో హయత్‌నగర్ నుంచి వ్యానులో గుంపులో నిలబడే మనుషులను షూటింగులకు తీసుకెళ్లేవారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వరుసలో ఎవరో మధ్యలో దూరారు. పెద్దమ్మ అతన్ని తిట్టిన తీరు చూసి దర్శకుడు పక్కకు పిలిచి, కెమెరా ముందు కూడా అలాగే తిట్టగలవా అని అడిగాడట. ఇది నిజమో కాదో నిర్ధారించుకునే మార్గం నాకు లేదు. ఆమె తిట్టు విన్నవాడిగా మాత్రం నమ్ముతాను.

తెర మీద వినిపించే గొంతు ఆమెది కాదు. ఆమె మాట్లాడే మా ఊరి తెలుగు వార్డెన్లకు పనికిరాదని అప్పట్లో అనుకున్నారు. ఎవరో డబ్బింగ్ చెప్పేవారు. ఆమె దాన్ని కూడా నవ్వులాటకే వాడుకునేది. "మొకం నాది, నోరు ఇంకొకలది. గందుకే జనం తిట్టే తిట్లల్ల సగమే నాకు తగుల్తయ్" అనేది.

ఆ తిట్లు నేనూ విన్నాను. ఒకసారి హయత్‌నగర్ బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను. ముందు సీట్లోని ముసలామె చాలాసేపు వెనక్కి తిరిగి చూసి నిలదీసింది.

"నువ్వు గా పిల్లను చీకటి అర్రల ఏసినదానివి గదా?"

"అవ్ అవ్వా, నేనే."

"ఏం కడుపే నీది? తల్లి లేని పిల్ల!"

"మల్ల నేనే బయటికి తీసిన అవ్వా. అరటిపండు గూడ ఇచ్చిన. గది సిన్మల చూపియ్యలే."

"చూపియ్యాలె మరి. మాకెట్ల తెల్వాలె?" అంది ముసలామె. మేం దిగేటప్పుడు మాత్రం పెద్దమ్మ సంచి పట్టుకుని అందించింది.

తెర మీద కొట్టే దెబ్బ ఎలా కొడతారో ఆమె దగ్గరే తెలుసుకున్నాను. చెయ్యి చెంప ముందు నుంచి పోవాలి, తాకకూడదు. సరిగ్గా అప్పుడే పిల్ల తల తిప్పాలి. పక్క నుంచి చూసే కెమెరాకు దెబ్బ తగిలినట్టే ఉంటుంది. చప్పుడు తర్వాత కలుపుతారు. తల ఎప్పుడు తిప్పాలో పిల్లకు తెలియాలంటే చెయ్యి ఎప్పుడొస్తుందో ముందే తెలియాలి. అందుకని షాట్‌కు ముందు పెద్దమ్మ పిల్లను పక్కకు తీసుకెళ్లి, కింద కూర్చుని, ఏం జరగబోతుందో అంతా చెప్పేది. "ఇగో బిడ్డా, నేను ఎనకకెల్లి వస్త. మొకం గిట్ల పెడ్త. ఒర్లుత. నీకు భయమైతే చిటికెన వేలు జర ఆడియ్యి, నేను ఆపేస్త" అనేది. ఆ తర్వాత పిల్ల చేత తనను కొట్టించుకునేది. మొదటి దెబ్బ పిల్లదే. అది ఆమె పెట్టుకున్న నియమం.

ఈ విద్య మా వీధి పిల్లలకూ నేర్పింది. ఒక ఏడాది వేసవంతా వీధిలో తగలని చెంపదెబ్బలే. బడి తెరిచాక ఇద్దరు పిల్లలు తరగతిలో దాన్ని ప్రదర్శించారు. సారు నిజమనుకుని తల్లిదండ్రులను పిలిపించాడు. ఒక తల్లి నేరుగా పెద్దమ్మ గేటు దగ్గరికి వచ్చింది.

"పిల్లలకు కొట్టుకునుడు నేర్పుతున్నవా పెద్దమ్మా?"

"కొట్టకుండుడు నేర్పుతున్ననే. చూడు, ఒక్కలకన్న దెబ్బ తాకిందా?"

ఆ తల్లిని కూడా అప్పుడే ఆమె కూతురు ఒక తగలని దెబ్బ కొట్టింది. పెద్దవాళ్లిద్దరూ నవ్వేశారు.

పెద్దమ్మ తరచుగా అనే మాట ఒకటుంది. "పిల్లలను చెప్పి భయపెట్టు. చెప్పకుంట భయపెట్టకు." ఇంకోటి, మా పత్రికకు పిల్లల సినిమాల మీద వ్యాసం రాస్తున్నప్పుడు అన్నది. ఈ కథల్లో పిల్ల ఎప్పుడూ తెలివైనదే ఎందుకు కావాలని అడిగాను. "తెల్విగల్లది కాకపోతే ఎవ్వరు చూస్తరు కొడుకా? ఎక్కాలు రాని పిల్లను కొడ్తే, సదువుతలేదు, కొట్టిన్రు అంటరు. గని దెబ్బ ఇద్దరికీ గంతే తగుల్తది" అంది. ఆ మాట వ్యాసంలో రాశాను. స్థలం చాలక డెస్కులో తీసేశారు. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

ఇక ఆమె పెద్ద పాత్ర చేజారిన సంగతి. నేను అక్కడ లేను. మేకప్ చేసినాయన, ఆ సినిమాలో నటించిన పాప, పాప తల్లి ముగ్గురూ వేర్వేరుగా చెప్పారు. ఒకరి మాట ఇంకొకరి మాటకు అడ్డం రాని చోట మాత్రమే రాస్తున్నాను.

లెక్కల్లో మెరికలాంటి పిల్ల, ఆ పిల్లను అణచిపెట్టే హాస్టల్ వార్డెన్. అదీ కథ. పెద్దమ్మకు అంత పెద్ద పాత్ర అంతకుముందు రాలేదు. చివరి ఘట్టంలో హాస్టలంతా చూస్తుండగా వార్డెన్ ఆ పిల్ల ముందు తల దించుకోవాలి. పైగా ఈసారి ఆమె గొంతే ఉంచుతామన్నారు. ఆ కబురు మా వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పింది. "ఈసారి తిట్లు నిండ నాకే" అంది.

పాపది మన్నెగూడ. తల్లి బట్టలు కుడుతుంది. షూటింగున్న రోజుల్లో కుట్టుమిషను మూసిపెట్టి కూతురి వెంట వచ్చేది. ఆ రోజు తియ్యాల్సింది స్టోరు గదిలో పాప ఏడ్చే సన్నివేశం. పాపకు ఏడుపు రావడం లేదు. సాయంత్రమవుతోంది, వెలుతురు తగ్గిపోతోంది. దర్శకుడు సహాయకుడిని పిలిచి, వాళ్లమ్మ బండి మీది నుంచి పడిందని పాపకు చెప్పమన్నాడు. పిల్లలను ఏడిపించడానికి అదొక పద్ధతిగా ఉండేది. పక్కనే మేకప్ వేయించుకుంటున్న పెద్దమ్మ అది విన్నది. ముఖం మీద సగం మేకప్‌తోనే లేచి స్టోరు గదిలోకి వెళ్లింది. మేకప్ ఆయన చేతిలో పౌడరు డబ్బాతో ఆమె వెనకే వెళ్లాడు.

"బిడ్డా, ఇప్పుడొకాయన ఉరుక్కుంట వస్తడు. మీ అమ్మ బండి మీదికెల్లి పడ్డదంటడు. అబద్ధం. మీ అమ్మ షామియానా కింద కూసోని చాయ్ తాగుతుంది. నేను చూసే వచ్చిన."

"అబద్ధమెందుకు చెప్తరు?"

"నువ్వు ఏడ్వాలెనని."

"ఏడ్వుమంటే ఏడ్వనా ఏంది?" అంది పాప.

కెమెరా తిరిగింది. సహాయకుడు పరుగున వచ్చి ఆ మాట చెప్పాడు. పాప లేచి నిలబడింది. అతన్ని వదిలేసి కెమెరా వెనకున్న దర్శకుడితో మాట్లాడింది.

"మా అమ్మ పడలే. షామియానా కింద ఉన్నది. పెద్దోళ్లయ్యి గిట్ల అబద్ధాలు చెప్పొద్దు సార్. ఏడ్వుమని నన్నే అడుగుర్రి. జర టైమియ్యుర్రి."

"నీకు ఎవరు చెప్పారు?" అని దర్శకుడు అడిగాడు. పాప నేల వైపు చూసింది తప్ప పేరు చెప్పలేదు. మళ్లీ గట్టిగా అడిగాడు. అప్పుడూ చెప్పలేదు.

"నేనే చెప్పిన సార్" అంది పెద్దమ్మ.

"నీ పని తిట్టడం. పిల్లకు పాఠాలు చెప్పడం కాదు."

"తిడ్త సార్. కడుపునిండ తిడ్త. గని చెప్పి తిడ్త."

పాప మూలకు తిరిగి కాసేపు కూర్చుంది. తర్వాత, "ఇగ తియ్యుర్రి" అంది. ఒక్క టేకులో అయిపోయింది. ఆ సినిమాలో ఇప్పటికీ అందరూ చెప్పుకునే షాట్ అదే. లైట్లు ఆర్పాక పాప పరుగెత్తుకుంటూ పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. "మంచిగ ఏడ్చిన్నా?" అని అడిగింది. "మస్తు ఏడ్చినవ్. ఇగ ఆపు, నాకొస్తుంది" అంది పెద్దమ్మ.

మర్నాడు ఆమె కోసం షూటింగు బండి రాలేదు. పొద్దున్నే తయారై, వార్డెన్ ముడి వేసుకుని అరుగు మీద కూర్చున్న అక్కను చెల్లెలు చూసింది. పెద్దమ్మ మధ్యాహ్నం దాకా బండి కోసం చూసి, ముడి విప్పి, నూనె రాసుకుని జడ వేసుకుందట. ఆ బండి తర్వాత కూడా రాలేదు. మిగతా కథలోకి ఒక ప్రిన్సిపాల్‌ను తెచ్చారు. అప్పటికే తీసిన సన్నివేశాలకు ఎప్పటిలాగే వేరే గొంతు పెట్టారు.

ఇది రాసేముందు ఆ దర్శకుడికి ఫోన్ చేశాను. "షూటింగుల్లో ఎన్నో జరుగుతాయి. నాకు గుర్తులేదు" అన్నాడు. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను. ఆయనొక్కడి పద్ధతి కాదది. ఆ రోజుల్లో చాలామంది అలాగే చేసేవారని మేకప్ ఆయన కూడా చెప్పాడు.

మేకప్ ఆయన నాకు ఈ సంగతి చెప్పిన రోజే పెద్దమ్మను అడిగాను. "మంచి వేషం, గొంతు రెండూ పోయినయ్ కదా పెద్దమ్మా?" అన్నాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు. "పోనీ. గా పోరి నన్ను సూస్తె ఇంకా నవ్వుతది. సినిమా అయిపోయినంక నేను బతకాల్సింది పిల్లల నడుమనే గదా" అంది. మళ్లీ దాని గురించి మాట్లాడలేదు. తర్వాత చిన్న వేషాలు వచ్చాయి, చేసింది. ఓపిక తగ్గాక మానేసింది.

నేను ఆమెకు రుణపడింది నా పని విషయంలో. ఒక వసతి గృహంలో పిల్లలను కొడుతున్నారన్న ఫిర్యాదు మీద వెళ్లాల్సి వచ్చింది. అలాంటి చోట్ల మేం విలేకరులం నేరుగా పుస్తకం తీసి, "ఎవరు కొట్టారు?" అని మొదలుపెడతాం. పిల్లలు బిగుసుకుపోతారు. వెళ్లే ముందు గేటు దగ్గర పెద్దమ్మ ఆపింది. "ముంగల కింద కూసో. నువ్వెవ్వలో చెప్పు. ఎందుకడుగుతున్నవో చెప్పు. చెప్పబుద్ధి గాకుంటె చెప్పకుర్రి అను. మల్ల అడుగు" అంది. అలాగే చేశాను. ఒక అమ్మాయి, "నేను చెప్ప" అంది. సరే అని పక్క పిల్లతో మాట్లాడుతూ ఉన్నాను. వచ్చేసేటప్పుడు ఆ అమ్మాయే గేటు దాకా వచ్చి అంతా చెప్పింది. అప్పటినుంచి పిల్లలతో నేను మాట్లాడే తీరు అదే. కొత్తగా చేరిన విలేకరులకు చెప్పేదీ అదే. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం ఇన్నాళ్లూ రాయలేదు.

శుక్రవారం పెద్దమ్మ ఇంట్లో, ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక జరిగింది. పాస్టర్ గారు ప్రార్థన చేశారు, పాటలు పాడారు, భోజనాలయ్యాయి. మన్నెగూడ నుంచి ఆ పాప తన తల్లితో కలిసి వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న మనిషి. వడ్డన అయ్యాక పిల్లలు పెద్దమ్మ సినిమా పెట్టమని పట్టుబట్టారు. చెల్లెలు సరేనంది. ముందు గదిలో టీవీలో ఆ వార్డెన్ సినిమానే పెట్టారు. అందులో పాపగా చేసిన అమ్మాయి వెళ్లి పిల్లల మధ్య కింద కూర్చుంది. పెద్దమ్మ తెర మీదికి వచ్చినప్పుడల్లా పిల్లలు ఈలలు వేశారు. ఆమె తిడుతుంటే చప్పట్లు కొట్టారు. ఇంటర్వెల్ అయింది. కథ ప్రిన్సిపాల్ వైపు నడిచింది. ఇంకా బడికి పోని చిన్నపిల్ల ఒకతి అడిగింది.

"పెద్దమ్మ మల్ల ఎప్పుడొస్తది?"

"వస్తది, వస్తది, సప్పుడు చెయ్యకు" అన్నారు వెనక నుంచి ఎవరో.

ఆ అమ్మాయి పిల్ల వైపు తిరిగింది. "రాదు బిడ్డా. ఇగ ఈ సిన్మల రాదు" అంది.

"ఎందుకు?"

"నేను చిన్నగున్నప్పుడు నాతోని అబద్ధం చెప్పబోయిన్రు. పెద్దమ్మ ముందుగాల్నే వచ్చి నిజం చెప్పింది. గందుకు తీసేసిన్రు."

చిన్నది తెర మీది పాపనూ పక్కనున్న మనిషినీ మార్చి మార్చి చూసింది. "ఆపుదామా, సూద్దామా?" అని ఆ అమ్మాయి అందరినీ అడిగింది. చూద్దామన్నారు.

చివరిదాకా చూశారు. ప్రిన్సిపాల్ తల దించుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె రాదని వాళ్లకు చెప్పారు, వాళ్లు విన్నారు. అయినా సినిమా నడిచినంతసేపూ, తెర మీద తలుపు తెరుచుకున్న ప్రతిసారీ పిల్లల మెడలన్నీ ఒక్కసారిగా నిక్కుతూనే ఉన్నాయి.